మంచాన పడినవారికి పడక ఎక్కడ?



ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని సంపాదకులు కోరినప్పుడు, "నేను డాక్టరును కాను, గుమాస్తాను, నాకేం తెలుసండీ" అన్నాను. "ముప్పై ఏళ్ళకు పైగా ఆసుపత్రుల లెక్కలు రాశారు గదా, ఆ లెక్కల చరిత్రే రాయండి" అన్నారు. దానికి తోడు మొన్నటి సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. పిల్లలు దూరాన ఉన్న పెన్షనర్లు మంచాన పడితే చూసే దిక్కు లేదు గనుక, మనమే చందాలు వేసుకుని యాభై పడకల వృద్ధుల ఆసుపత్రి కట్టుకుందామని. చప్పట్లు మోగాయి. స్థలం ఇస్తామని ఇద్దరు మిత్రులు లేచి నిలబడ్డారు కూడా. నేను మాత్రం చప్పట్లు కొట్టలేకపోయాను. కారణం ఆ రోజు అయిదు నిమిషాలలో చెప్పగలిగింది కాదు. ఇప్పుడు విన్నవించుకుంటాను.

నేను రాసిన మెమోలు

నా సర్వీసులో ఎక్కువ కాలం వైద్యశాఖకు సంబంధించిన ఒక కార్యాలయంలో గడిచింది. దాని పేరు ఇక్కడ అనవసరం. నెలనెలా ఆసుపత్రుల నుంచి వచ్చే స్టేట్‌మెంట్లు కలిపి పైకి పంపడం నా సీటు పని. మంజూరైన పడకలెన్ని, చేరిన రోగులెందరు, డిశ్చార్జి అయినవారెందరు, చనిపోయినవారెందరు, ఒక్కో రోగి సగటున ఎన్ని రోజులు ఉన్నాడు, ఇవీ అందులోని గడులు. ఈ సగటు పెరిగితే పైనుంచి మాకు అక్షింతలు పడేవి. మేము ఆ అక్షింతలు ఆసుపత్రులకు పంచేవాళ్ళం. "ముప్పది దినములు మించిన రోగులను ఏల ఉంచవలసి వచ్చినదో సంజాయిషీ తెలుపవలెను" అని మెమో డ్రాఫ్టు నేనే రాసేవాణ్ణి. ఆ ముప్పై రోజులు దాటినవారిలో చాలామంది ముసలివారేనని నాకు తెలుసు. తెలిసి కూడా నాకు వారు అంకెలుగానే కనిపించారు.

తనదాకా వస్తే గాని తెలియదంటారు. 1993లో మా అమ్మగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆసుపత్రిలో చేర్చాము. పద్దెనిమిదో రోజున డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఇక ఇక్కడ చేసేదేమీ లేదండీ. ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి. పడక ఇంకొకరికి కావాలి" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. బయట వరండాలో కింద చాపల మీద రోగులున్నారు. ఆయన చేతిలో ఉన్నవి మా ఆఫీసు లెక్కలు. నేను రాసిన మెమోయే తిరిగి నా చేతికి వచ్చిందని ఆ క్షణంలో అర్థమైంది. అమ్మను కారులో వెనక సీటులో పడుకోబెట్టి కలిదిండి తీసుకొచ్చాము. ఆ తరువాతి సంగతి చివర చెబుతాను.

అప్పటినుంచి నాకొక ప్రశ్న మిగిలింది. నయమై ఇంటికి పోయేవారికి పడక ఉంది. నయం కాక, అట్లని చనిపోకా, నెలల తరబడి ఒకరి చేతి సాయం కావలసిన వృద్ధుల కోసం ఎవరైనా ఎప్పుడైనా లెక్క వేశారా? రిటైరయ్యాక తీరిక చిక్కింది గనుక, దొరికినంత చదివాను.

మూడో వంతు

మన కలిదిండికి చరిత్రలో పేరు ఉన్నది యుద్ధం వల్ల. రాజరాజ నరేంద్రుని పక్షాన పోరాడడానికి వచ్చి ఇక్కడ నేలకొరిగిన ముగ్గురు చోళ సేనానుల స్మృతిగా ఆయన మూడు శివాలయాలు కట్టించాడని కలిదిండి శాసనం చెబుతుంది. చనిపోయినవారిని గౌరవించడం మనకు ఆనాటినుంచే తెలుసు. బతికి ఉన్న రోగుల కోసం ఏర్పాటు చేసిన శాసనం ఇంకొకటి ఉంది. అది 1261 నాటి మల్కాపురం శాసనం. కాకతి రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన గ్రామాల రాబడిని ఆయన మూడు భాగాలు చేశాడు. ఒక భాగం దేవుడికి. ఒక భాగం విద్యార్థులకు, మఠానికి. మూడో భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. గమనించండి, వైద్యమూ అన్నమూ ఒకే పద్దు కింద ఉన్నాయి. రోగి అంటే మందు కావలసినవాడే కాదు, ముద్ద పెట్టేవారు కావలసినవాడు కూడా అని ఆ లెక్క రాసినవారికి తెలుసు. ఆ మల్కాపురం ఈనాటి మన రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి పక్కనే ఉంది. బడ్జెట్లు తయారయ్యేచోటికి కూతవేటు దూరంలో ఏడువందల అరవై ఏళ్ళనాటి పద్దు రాతిమీద నిలిచి ఉంది.

ఇంగ్లీషువారి కాలానికి ఈ రెండూ విడిపోయాయి. మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది గనుక అక్కడి సంగతే చెబుతాను. 1782 కరువులో మద్రాసులో గంజి కేంద్రంగా మొదలైన మణేగార్ సత్రం దిక్కులేని వృద్ధులకు ఆశ్రయమైంది. దానిని ఆనుకుని పెరిగిన వైద్యశాల కాలక్రమాన స్టాన్లీ ఆసుపత్రి అయింది. ఆసుపత్రి పెద్ద బోధనాసుపత్రిగా ఎదిగింది. సత్రం సత్రంగానే మిగిలింది. నయం చేయగలిగినవారు ఒక గేటులోకి, చేయలేనివారు ఇంకో గేటులోకి. ఆ తరువాత వచ్చిన ప్రణాళికలన్నీ మొదటి గేటు ముందు నిలబడి వేసినవే.

భోర్ కమిటీ లెక్క

స్వాతంత్ర్యానికి ముందు, 1943లో నియమించిన సర్ జోసెఫ్ భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. మన దేశ ఆరోగ్య ప్రణాళికకు అదే పునాది. అప్పటికి దేశంలో వెయ్యిమందికి పావు పడక కూడా లేదు. భోర్ కమిటీ పెద్ద కల కన్నది. ముప్పై, నలభై ఏళ్ళలో పది నుంచి ఇరవై వేల జనాభాకు 75 పడకల ఆసుపత్రి, దానిపైన 650 పడకలది, జిల్లా కేంద్రంలో 2,500 పడకలది ఉండాలన్నది. ఆచరణలో వచ్చినవి వేరు. 1952 తరువాత సామూహికాభివృద్ధి పథకంతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. ఇప్పటి ప్రమాణం ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక కేంద్రం, అందులో నాలుగు నుంచి ఆరు పడకలు. 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం, అందులో ముప్పై పడకలు. మన రాష్ట్రంలో వీటి పై ఆసుపత్రుల పాలన కోసం 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్తు ఏర్పడింది.

ఈ లెక్కల్లో వృద్ధులు ఎక్కడ? ఎక్కడా లేరు. అందుకు ఆ పెద్దలను తప్పు పట్టలేము. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ళు. వారి కళ్ళముందున్నవి మలేరియా, మశూచి, కలరా, కాన్పులో పోయే తల్లులు. ఆ యుద్ధం వారు చాలామటుకు గెలిచారు. గెలిచినందువల్లనే మనమంతా డెబ్భై దాటి ఈ సంచిక చదువుతున్నాము. 2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవారు దేశంలో 10.4 కోట్లు. 2022 నాటికి అది సుమారు 14.9 కోట్లకు చేరిందని, 2050కి 34.7 కోట్లు కాగలదని అంచనా. మనుషులు మారారు. పడకల లెక్క మాత్రం చేరిన రోగి త్వరగా వెళ్ళిపోవాలనే సూత్రం మీదే ఉంది.

714 మంచాల కథ

ఈ ప్రశ్నను మనకంటే ముందు ఎదుర్కొన్న దేశం ఇంగ్లండు. అక్కడ పేదల వైద్యశాలల్లో వృద్ధ రోగులు ఏళ్ళ తరబడి మంచాల మీద ఉండేవారు. 1935లో లండను దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేస్తున్న మార్జొరీ వారెన్ అనే వైద్యురాలికి అటువంటి 714 పడకల బాధ్యత అప్పగించారు. ఆమె కొత్త భవనం అడగలేదు. మొదట ఒక్కొక్కరినీ పరీక్షించింది. చాలామందిని చేరిన తరువాత ఏ డాక్టరూ శ్రద్ధగా చూసి ఉండలేదు. మంచం దిగగలిగినవారు కూడా, దింపేవారు లేక, కీళ్ళు బిగుసుకుని నిజంగానే మంచానికి అతుక్కుపోయారు. ఆమె వారిని కూర్చోబెట్టించింది, నిలబెట్టించింది, పట్టుకుని నడవడానికి గోడల వెంట కమ్మీలు పెట్టించింది. ఎందరో ఇళ్ళకో, వసతి గృహాలకో వెళ్ళగలిగారు. చివరికి దీర్ఘకాలం ఉండవలసినవారికి 240 పడకలు సరిపోయాయి. దీర్ఘరోగులకు పెద్దాసుపత్రి ఆవరణలోనే ప్రత్యేక విభాగం ఉండాలని, వారిని ఊరవతలకు నెట్టరాదని ఆమె 1943లో వైద్య పత్రికలో వాదించింది. వృద్ధాప్య వైద్యానికి ఆమెను తల్లి అంటారు.

ఇంగ్లండు ప్రణాళికాకర్తలు ఆ తరువాత ఒక ప్రమాణం పెట్టుకున్నారు. అరవై అయిదు దాటిన ప్రతి వెయ్యిమందికి పది వృద్ధాప్య వైద్య పడకలని. మన సామాజిక కేంద్రం పరిధిలోని 1,20,000 మందిలో అరవై అయిదు దాటినవారు ఏడువేలనుకుందాం. ఆ ప్రమాణం ప్రకారం ఒక్క వృద్ధులకే డెబ్భై పడకలు కావాలి. మనకు అందరికీ కలిపి ఉన్నవి ముప్పై. గుమాస్తా లెక్క అంతటితో ఆగిపోతుంది.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1967లో బార్బరా రాబ్ అనే ఆవిడ ఒక పుస్తకం ప్రచురించింది. పడకలు పుష్కలంగా ఉన్న ఆ దీర్ఘకాల వార్డులలోనే వృద్ధుల కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు కూడా తీసేసుకుని, వారిని ఎంత నిర్దయగా ఉంచారో అందులో బయటపెట్టింది. దేశం అదిరిపడింది. ఆ తరువాతి దశాబ్దాలలో అక్కడ దీర్ఘకాల ఆసుపత్రి పడకలు తగ్గించి, ఇంటివద్ద సేవకూ చిన్న సంరక్షణ గృహాలకూ మళ్ళారు. మిత్రులారా, నేను చప్పట్లు కొట్టలేకపోవడానికి మొదటి కారణం ఇది. పడకలు కట్టడం సులువు. వాటి పక్కన మనిషి నిలవకపోతే ఆ పడకే రోగమవుతుంది.

మన దగ్గర జరిగినవి

మన దేశంలో ఈ దారి తొలిచినది మద్రాసు. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారు 1978లో వృద్ధులకు ప్రత్యేక ఔట్‌పేషెంటు విభాగం, 1988లో పది పడకల వార్డు ప్రారంభించారు. ఎనిమిదేళ్ళకు, 1996లో, మద్రాసు వైద్య కళాశాలలో ఈ విద్యకు ఎం.డి. కోర్సు వచ్చింది. తరువాత 2010-11లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రికి పది పడకల వార్డు, ఫిజియోథెరపీ, ప్రాథమిక కేంద్రంలో వారానికొకసారి వృద్ధుల క్లినిక్కు, మంచాన పడినవారి ఇళ్ళకు సిబ్బంది వెళ్ళడం, ఇవన్నీ రాసి ఉన్నాయి.

చట్టమూ ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 20వ సెక్షను ప్రకారం ప్రభుత్వాసుపత్రులు వృద్ధులందరికీ "వీలైనంత మేరకు" పడకలు కల్పించాలి. వీలైనంత మేరకు అనే మాట ఫైలులో ఎంత బలమైనదో మన సభ్యులకు నేను వివరించనక్కరలేదు. మనలో ఎంతమందిమి ఆ మాట మీద ఫైళ్ళు ముగించలేదు!

ఇక మన కార్డులు. 2007 నాటి ఆరోగ్యశ్రీ, 2013లో వచ్చిన ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం, 2024 అక్టోబరులో డెబ్భై దాటినవారికి ఏటా అయిదు లక్షల దాకా కేంద్రం ప్రకటించిన వయ వందన కార్డు, ఇవన్నీ గొప్ప మేలు చేసినవే. గుండె ఆపరేషనుకు, తుంటి ఎముకకు పనికొస్తాయి. ఆపరేషను అయ్యాక ఇంటికి వచ్చి ఆరునెలలు మంచం మీద ఉండే మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పేవారిని ఏ కార్డూ ఇవ్వదు. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి మన రాష్ట్రం 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయించింది. అది మాత్రం ఆ రెండో గేటువైపు వేసిన అడుగు.

మన నేలకు ఏది కుదురుతుంది?

మన ప్రాంతపు భూగోళం కూడా చూడాలి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు ఏలూరు కృష్ణా జిల్లా నుంచి వేరైంది. కైకలూరు, కలిదిండి మచిలీపట్నం వైపే ఉండిపోయాయి. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ ఏలూరు గూటికి చేరాము. 2023లో ఏలూరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మంచిదే. కాని మధ్యలో కొల్లేరు ఉంది. వరదల కాలంలో ఏలూరు రోడ్డు మీదికి నీరొస్తే పెనుమాకలంక, నందిగామలంక వంటి ఊళ్ళ నుంచి రోగిని కదిలించడమే గండం. మా పెదలంక, తాడినాడ వైపు చెరువుల గట్ల మీది ఇళ్ళలో పగలంతా ముసలివాళ్ళే ఉంటారు. కొడుకులు చేపల, రొయ్యల చెరువుల మీద, లేకుంటే హైదరాబాదులో. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో యాభై పడకలు కడితే, అక్కడ చేర్చిన లంక గ్రామపు ముసలమ్మను చూడడానికి వారానికొకసారి వచ్చేదెవరు? చూసేవారు రాని వార్డు ఎట్లా మారుతుందో 1967 నాటి పుస్తకం చెప్పింది.

ఇందుకు దగ్గరి ఉదాహరణ కేరళ. 1993లో కోళిక్కోడు వైద్య కళాశాలలో ఒక చిన్న క్లినిక్కుగా మొదలైన ఉపశమన వైద్యం, 2001 నుంచి ఊరివారే నడుపుకునే కేంద్రాలుగా మలబారు ప్రాంతమంతా అల్లుకుంది. శిక్షణ పొందిన స్థానికులు, ఒక నర్సు, అవసరమైనప్పుడు డాక్టరు ఇళ్ళకు వెళతారు. 2008లో ఆ ప్రభుత్వం దాన్నే విధానంగా స్వీకరించి పంచాయతీలకు బాధ్యత ఇచ్చింది. మన రాష్ట్రంలోనూ 2023 నాటి ఫ్యామిలీ డాక్టరు కార్యక్రమంలో మంచం పట్టినవారిని ఇంటివద్దే చూడాలన్న ఆలోచన ఉంది.

కనుక నా మనవి ఇది. పడకలు అడగవలసింది ప్రభుత్వాన్ని. ఏలూరు పెద్దాసుపత్రిలో వృద్ధుల పడకలు పది ఎలా వాడుకలో ఉన్నాయో సంఘం తరఫున ఏటా రాతపూర్వకంగా అడుగుదాం. కైకలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రుల్లో రెండేసి, మూడేసి పడకలు, రోగిని చూసేవారికి పదిరోజుల ఊరట కోసం కేటాయించమని విజ్ఞాపన ఇద్దాం. మన చందాలను మాత్రం ఇటుకల మీద పెట్టవద్దు. ఎత్తు తగ్గించి పెంచే మంచాలు, గాలి పరుపులు, చక్రాల కుర్చీలు, నడక ఊతలు కొని అవసరమైన ఇంటికి అరువిద్దాం. ఒక నర్సును, ఒక ఫిజియోథెరపిస్టును జీతానికి పెట్టుకుని ఇల్లిల్లూ తిప్పుదాం.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మగారిని ఇంటికి తెచ్చిన మూడో వారానికే నడుము కింద పుండ్లు పడ్డాయి. మేము చేయని సేవ లేదనుకున్నాము. పక్క వీధిలో ఉండే, రిటైరైన నర్సమ్మగారు ఒకరు చూడవచ్చి, "గుమాస్తాగారూ, మీరు అమ్మగారిని బాగా పడుకోబెడుతున్నారు. అదే తప్పు. లేపండి" అన్నారు. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, దిండ్లు పెట్టడం, కుర్చీలో కూర్చోబెట్టడం ఆమె మా ఆవిడకు నేర్పారు. అయిదు నెలలకు అమ్మ ఎడమచేత కర్ర పట్టుకుని, మా ఆవిడ భుజం మీద వాలి, వసారాలోకి వచ్చి కూర్చుంది. మరి నాలుగేళ్ళు బతికింది. ఆ నర్సమ్మగారు చెప్పింది మార్జొరీ వారెన్ మాటే అని చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు.

ఆనాడు అమ్మను లేపిన మా ఆవిడకు ఇప్పుడు డెబ్భై. నడుము పట్టేసి బిందె ఎత్తలేదు. మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే. రేపు నేను పడితే నన్ను పక్కకు తిప్పేది ఆమె, ఆమె పడితే నేను. మీలో చాలామంది ఇళ్ళలో పరిస్థితి ఇదే.

అందుకని నేను ఒక పుస్తకం తెరిచాను. పాత అలవాటు, గడులు గీశాను. పేరు, ఊరు, మంచాన పడి ఎన్నాళ్ళయింది, చూసేవారెవరు, చూసేవారి వయసెంత. ఈ చివరి గడి నా సర్వీసులో ఏ స్టేట్‌మెంటులోనూ లేదు. మా వీధి, పక్క వీధి పేర్లు రాయడం అయింది. వచ్చే సమావేశానికి దాన్ని తెస్తాను. మీరు మీ ఊరి పేర్లు తెండి. ఎన్ని పడకలు కావాలో, అసలు కావలసినవి పడకలో మనుషులో, ఆ పుస్తకం చూసి అప్పుడు తీర్మానం రాసుకుందాం.

సెలవు.